కొబ్బరి నీళ్ళ రొట్టె

కొత్తపేట,
ఆగస్టు 17.

మరదలు బిందుకి,

ఝాన్సీ వదిన రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో నిన్న ఫోనులో తెలిసింది. నేను మాట్లాడుతూ ఉండగానే "ఉంటానండీ" అని పెట్టేశావు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా మాట మధ్యలో ఆపే ధైర్యం మా హెడ్మాస్టరుకి కూడా లేకపోయింది. అందుకే ఇకమీదట ఉత్తరమే రాస్తాను. దీన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. చింపాలనిపిస్తే చింపుకో, ఎలాగూ చదివాకే చింపుతావు.

అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. అమలాపురం చర్చిలో కోతపండగ నాడు ఆరాధన అయ్యాక అందరికీ పెట్టే చిల్లీ కూర, రొట్టె ఈ ఏడు నుంచి నువ్వు చేస్తావని స్త్రీల సమాజం పెద్ద చిన్నమ్మలుగారు అందరి ముందూ ప్రకటించారట. అత్తగారి బాధ్యత కోడలిదేనట. ఆ మాట నాకు నువ్వు చెప్పలేదు, చేపల బజారులో ఎవరో చెప్పారు. అమ్మ నడుం వంగిన దగ్గర్నుంచీ ఆ పిండి పిసికింది ఎవరు? డేకిసా మూత మీద బొగ్గులు మార్చింది ఎవరు? నా ముంజేతి మీద మచ్చలన్నీ ఆ మూతవే. కూతురినైన పాపానికి నన్ను ఒక్కరూ అడగలేదు.

అమ్మ నర్సుగా కొత్తగా చేరినప్పుడు ఆసుపత్రిలో ఉన్న దొరసాని డాక్టరమ్మకి, వానలు వెనకబట్టి చలిగాలి మొదలవగానే తన ఊరు గుర్తొచ్చేదట. అప్పుడు ఈ కూరా ఈ రొట్టే వండించుకునేది. అమ్మ నేర్చుకుని, మన కారం మన జీలకర్ర వేసి తనది చేసుకుంది. ఇదంతా నీకు తెలుసో తెలియదో అని రాస్తున్నాను.

రొట్టె ఎలాగని రేపైనా అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. మైదా, ఉప్పు, కాస్త పంచదార, ముందురోజు తీసి ఉంచిన కొబ్బరి నీళ్ళు. పిసికి తడిగుడ్డ కప్పి పెట్టు. పొంగాక ఇసక పోసిన డేకిసాలో గిన్నె పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల బొగ్గులు వేసి కాల్చు. అంతే, ఇంకేం లేదు.

తమ్ముడి ఫోను పది రోజులుగా పలకడం లేదు. ఏమైంది?

మీ వదిన,
ఝాన్సీ

*

అమలాపురం,
ఆగస్టు 29.

పూజ్యులైన వదినగారికి,

బిందు వందనములు. మీ ఉత్తరం అందింది. చింపలేదండీ, బీరువాలో దాచాను.

చిన్నమ్మలుగారు ప్రకటించిన రోజు నన్నూ ఎవరూ అడగలేదు. లేచి నిలబడమన్నారు, నిలబడ్డాను, చప్పట్లు కొట్టారు. మీకు ఆ సంగతి చెప్పడానికే ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపే మీరు నన్ను దొంగని చేశారు. అందుకే పెట్టేశాను. తప్పే, కానీ మళ్ళీ అలా అంటే మళ్ళీ పెట్టేస్తాను.

మీరు రాసినట్టే చేశాను. కాయ మా పెరట్లోదే. పిండి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడిగుడ్డ కింద పడుకుంది గానీ లేవలేదు. అయినా కాల్చాను. బయటికి తీస్తే రుబ్బురోలు పొత్రంలా ఉంది. ముక్కలు చేసి గోడ మీద పెడితే కాకులు కూడా ఒకసారి పొడిచి వెళ్ళిపోయాయి. ఏదో ఒకటి మీరు రాయడం మర్చిపోయారు. మర్చిపోయారనే అనుకుంటున్నాను.

ఆయన రాజమండ్రిలో ఉన్నారు. ఆఫీసు ట్రైనింగు. అక్కడ ఫోన్లు తీసేసుకుంటారట. వచ్చే నెలాఖరుకి వస్తారు. ఆయన గురించి మీరు కంగారు పడకండి.

బిందు

*

కొత్తపేట,
సెప్టెంబరు 14.

బిందుకి,

నేను ఏమీ మర్చిపోలేదు. లెక్కల టీచరుని. కాయ లేతదై ఉంటుంది. ముదురుకాయ నీళ్ళు కావాలి. లేదా ఫ్రిజ్జులో పెట్టి ఉంటావు. మీ ఇంట్లో పెరుగు దగ్గర్నుంచి కరివేపాకు దాకా ఫ్రిజ్జులోకే కదా పోతాయి. చేతిలో వేడి ఉండాలి, పిండికి అది తెలుస్తుంది. అమ్మ చేతిలో ఉండేది.

చిల్లీ సంగతి విను. రాజ్మా గింజలు ముందురోజే నానబెట్టి విడిగా మెత్తగా ఉడికించు. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక వెల్లుల్లి, వేటమాంసం కీమా వేసి నీరంతా ఇగిరేదాకా వేయించు. తర్వాత టమాటాలు, ఎండుమిరప కారం, వేయించి దంచిన జీలకర్ర. గింజలు చివర్న. సన్నటి సెగ మీద చెక్కగరిటెతో తిప్పుతూ ఉండు, వదిలేస్తే అడుగంటుతుంది. గరం మసాలా వేశావంటే మాత్రం నేను ఆ పూట చర్చికి రాను. పోయిన క్రిస్మస్‌కి నువ్వు అందులో దాల్చినచెక్క వేసింది నాకు ఇంకా నాలిక మీద ఉంది.

ఏం ట్రైనింగమ్మా అది, అక్కకి ఒక్క మాట మాట్లాడ్డానికి కూడా వీలివ్వనిది? వాడి ఉద్యోగం గుమాస్తాగిరీ, మిలటరీ కాదు. నువ్వు ఏదో దాస్తున్నావు. వాడికి బదిలీ అయిందా? నాకు చెప్పకుండా ఇల్లు మారుస్తున్నారా? దాచిపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు.

ఝాన్సీ

*

అమలాపురం,
అక్టోబరు 6.

వదినగారికి,

దాచిపెట్టే అలవాటు మీ ఇంట్లో లేదని రాశారు. నిన్న జరిగింది వినండి.

పండగకి ముందు రుచి చూపించమని సమాజం వాళ్ళు అడిగారు. ముదురుకాయ నీళ్ళే పోశాను. ఫ్రిజ్జు తలుపు తెరవలేదు. చేతులు వేణ్ణీళ్ళలో ముంచి మరీ పిసికాను. అదీ లేవలేదు. చిల్లీ బాగుందన్నారు. రొట్టె దగ్గరికి వచ్చేసరికి చిన్నమ్మలుగారు ముక్క తీసుకుని చిల్లీలో ముంచారు. కాసేపు నానబెట్టారు. కొరికి చూసి పళ్ళెంలో పెట్టేసి, "పళ్ళు కట్టించుకున్నాక తింటానమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను వదినగారూ, ఇంకేం చెయ్యగలను? ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఇంకో సంగతి తెలిసింది. అత్తయ్యగారు బతికుండగా ఎంతోమంది ఆవిణ్ణి ఈ రొట్టె ఎలాగని అడిగారట. అందరికీ కొబ్బరి నీళ్ళనే చెప్పారట. ఏ ఒక్కరికీ పొంగలేదట. ఎవరి చెయ్యి వాళ్ళు తిట్టుకుని ఊరుకున్నారు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో మా అందరిచేతా మద్యం ముట్టబోమని, అబద్ధం ఆడబోమని ప్రతిజ్ఞ చదివించింది ఆవిడే. అంత నిష్ఠగా ఉన్న మనిషి అందరికీ ఒకే అబద్ధం చెప్పారంటే నమ్మలేకపోతున్నాను. అందుకే కొబ్బరి నీళ్ళతో పాటు ఇంకేదో ఉందని, దాన్ని దాస్తున్నది మీరని అనుకుంటున్నాను. నేను నలుగురిలో నవ్వులపాలైతే, చివరికి "ఝాన్సీ అక్కనే పిలవండి" అంటారని మీ ఎదురుచూపు.

ఆయన వచ్చారు. ఈ శనివారం మీ దగ్గరికి పంపుతున్నాను. ఆయన ముందు చెయ్యండి, కళ్ళారా చూసి వస్తారు. తమ్ముడి ముందు కూడా దాస్తారేమో చూస్తాను. ఆయన కాస్త నీరసంగా ఉన్నారు, వేళకి అన్నం పెట్టండి.

బిందు

*

కొత్తపేట,
అక్టోబరు 11, శనివారం.

బిందుకి,

ఈ ఉత్తరం, గుడ్డలో చుట్టిన రొట్టె తమ్ముడు శ్యామ్‌సుందర్ చేతికిచ్చి పంపుతున్నాను. రొట్టె చూడు. నొక్కితే వేలు లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. మా చెయ్యి ఎలాంటిదో తెలిసేలా చిన్నమ్మలుగారికి కూడా ఒక ముక్క పెట్టు.

నీ మొగుడిచేతే పిసికించాను. పండగకి వాడే చేస్తాడు. ఎలాగో మాత్రం నీకు చెప్పొద్దన్నాను, అమ్మ పేరు మీద వాడిచేత మాట తీసుకున్నాను. నేను దాస్తున్నానన్నావు కదా, ఆ దాపరికం మా రక్తంలోనే ఉండనీ.

వాడు బాగా చిక్కిపోయాడు. ఏం పెడుతున్నావు?

ఝాన్సీ

*

అమలాపురం,
అక్టోబరు 13.

ఝాన్సీగారికి,

వదిన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

శనివారం సాయంత్రం మీ తమ్ముడు బస్సు దిగి ఇంటికొచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే నాకు వాసన కొట్టింది. కల్లు వాసన. చొక్కా నిండా, చేతుల నిండా. "నేను తాగలేదు" అన్నారు. తాగిన వాళ్ళందరూ అనే మాట అదే. "అయితే ఈ వాసన ఎక్కడిది?" అని అడిగాను. తల దించుకున్నారు. ఎన్నిసార్లు అడిగినా "తాగలేదు" అంటారు తప్ప ఎక్కడిదో చెప్పరు. మీ రొట్టె మీ గుడ్డలోనే ఉంది, విప్పలేదు.

ఇక మీ దగ్గర దాచడం దేనికి? రాజమండ్రిలో ట్రైనింగు లేదు. తాగుడు మానిపించే ఆసుపత్రిలో పెట్టాను. అత్తయ్యగారి జబ్బుతో మీరు సతమతమవుతున్నప్పుడే ఇక్కడ మొదలైంది. ఆఫీసులో రెండుసార్లు మెమో ఇచ్చారు. ఒకసారి బైపాసు పక్కన కాలవలో బండితో సహా పడి ఉంటే కొబ్బరికాయల లారీవాళ్ళు తెచ్చి అప్పగించారు. చర్చిలో ఎవరికీ తెలియకూడదని, మేరీ నర్సమ్మ కొడుకు ఇలాగట అనే మాట ఆవిడ సమాధి మీద పడకూడదని, నేను ఒక్కదాన్నే మోశాను. ఆసుపత్రి నుంచి వచ్చి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ ఆయన మొహం తేటగా ఉంది. సాయంత్రాలు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. పిల్లతో లెక్కలు చేయిస్తున్నారు.

మీ ఇంటికి ఒక్క పూట పంపాను. ఒక్క పూట. చేతికి గాజుగిన్నె ఇచ్చినట్టు ఇచ్చాను, పగలగొట్టి పంపారు. అక్కగారి దగ్గరే కదా, అక్కడికన్నా భద్రమైన చోటేముందని అనుకున్నాను. ఎవరు పోయించారు ఆయనకి? మీరు చూస్తూ ఎలా ఊరుకున్నారు?

ఆయన రెండు రోజులుగా వరండాలో పడుకుంటున్నారు. నేను రమ్మనలేదు. పిల్ల నన్ను అడగడం లేదు, నా మొహం చూసి వెళ్ళిపోతోంది. డాక్టరుగారు మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఈసారి వదిలిపెట్టి వచ్చేస్తానేమో నాకే తెలియదు. పండగా వద్దు, మీ రొట్టే వద్దు.

బిందు

*

కొత్తపేట,
అక్టోబరు 16.

బిందూ,

వాడు తాగలేదు.

ముందు ఈ మాట చదివి, వెళ్ళి వాడిని లోపలికి పిలిచి, తర్వాత మిగతాది చదువు. పొద్దున్న నీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. నువ్వు తియ్యలేదు. వాడిది ఆపేసి ఉంది. బస్సెక్కుదామంటే మోకాలు వాచి గడప దాటలేకపోతున్నాను. పక్కింటి అబ్బాయిని బ్రతిమాలి ఈ ఉత్తరం బండి మీద పంపుతున్నాను.

అమ్మ రొట్టెలో పోసేది కొబ్బరి నీళ్ళు కాదు. కల్లు. కల్లుగీసే బంగారరాజు పొద్దున్నే కొబ్బరి చెట్టు మీంచి దించిన కల్లు. అది పోస్తేనే పిండి పొంగుతుంది. డాక్టరమ్మ దగ్గర అదేదో పొడి ఉండేదట. ఆవిడ వెళ్ళిపోయాక అమ్మ దీంతో చేసి చూసింది, కుదిరింది. మా నాన్న సాలమోను తాగి తాగి పోయాడని నీకు తెలుసు. ఆ తర్వాత మా ఇంట్లోకి ఆ సీసా పిండి కోసమే వచ్చేది. మిగిలింది అమ్మ గడప దాటి వెళ్ళి తన చేత్తో పారబోసేది. కాలిన తర్వాత అది కల్లు కాదు, రొట్టె అనేది. కానీ ప్రతిజ్ఞ చదివించే మనిషి ఆ మాట చర్చిలో ఎలా చెబుతుంది? నాకూ చెప్పొద్దంది. నేను చెప్పలేదు.

శనివారం నాడు నేను బియ్యం బస్తా వెనకనుంచి సీసా తీశాను. తమ్ముడి మొహం మారిపోయింది. "అక్కా, నువ్వు కలుపుతూ ఉండు, నేను వీధరుగు మీద కూర్చుంటాను" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "ఏరా, ఆడపనని సిగ్గా? నీ పెళ్ళాం నిన్ను చూసి రమ్మంది, వీధిలో కూర్చోమనలేదు" అన్నాను. "ఒద్దక్కా" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పళ్ళెం ముందు కూర్చోబెట్టాను. నేను పోస్తుంటే చింది వాడి చొక్కా మీద పడింది. మొహం పక్కకి తిప్పుకుని మోచేతుల దాకా ముంచి పిసికాడు.  పిసుకుతున్నంతసేపూ కీర్తన పాడుతూనే ఉన్నాడు. అమ్మ గుర్తొచ్చి పాడుతున్నాడనుకున్నాను. నేనూ గొంతు కలిపాను, బిందూ.

మిగిలిన సీసా వాడు వెళ్ళేదాకా వంటింటి అరుగు మీదే ఉంది. నేను బాత్రూములో ఉన్నప్పుడు కూడా అక్కడే ఉంది. వాడు వెళ్ళాక పారబోసింది నేనే, నేను వదిలినంతా అలాగే ఉంది. వాడు దాన్ని ముట్టలేదు. అంత గెలిచి ఇంటికొస్తే నువ్వు గుమ్మంలోనే తప్పు మోపావు. ఎక్కడిదో చెప్పకపోవడానికి కారణం నేను. మాట తీసుకున్నది నేను. అమ్మ పేరు మీద ఇచ్చిన మాట కదా, వరండాలో పడుకున్నాడు గానీ తప్పలేదు.

నాకు నీ మీద ఎంత కోపం వస్తోందో రాయలేను. నా తమ్ముడు చచ్చి బతుకుతుంటే నాకు ట్రైనింగని రాస్తావా? ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ సీసా మా వీధిలోకి కూడా రానిచ్చేదాన్నా? మేరీ నర్సమ్మ పేరు కాపాడావట. ఆవిడ నా తల్లి. ఆవిడ పేరు కన్నా ఆవిడ కొడుకు నాకు ముఖ్యం. నీ మీద ఎంత కోపం వస్తోందో, నా మీద నాకు అంతకన్నా ఎక్కువ వస్తోంది. ఆ రెండూ ఒకేసారి మోయడం ఈ వయసులో నా వల్ల కావడం లేదు.

రొట్టె సంగతి ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. నేనే మాట తీసుకున్నాను, నేనే విడిచిపెడుతున్నానని వాడితో చెప్పు.

ఝాన్సీ

*

అమలాపురం,
అక్టోబరు 27.

వదినగారికి,

బిందు వందనములు. మీ ఉత్తరం చదివిన రోజే రాయాల్సింది. రాయాలని కూర్చుంటే మీ మీద కోపం, లేస్తే నా మీద కోపం. ఇప్పటికి కుదిరింది.

ముందు పిలవమని మీరు రాసినా, ఆగలేక ఉత్తరం చివరిదాకా చదివాకే వరండాలోకి వెళ్ళాను. చాప మీద కూర్చుని పిల్ల పుస్తకాలకి అట్టలు వేస్తున్నారు. మీరు మాట విడిచిపెట్టారని చెప్పాను. తల ఊపారు. నాకు అప్పుడు కూడా కోపమే వచ్చింది. "రొట్టె పేరు చెప్పకపోతే పోయేరు, తాగలేదని నన్నెందుకు నమ్మించలేదండీ?" అని అడిగాను. ఆయన అట్ట మడత పెడుతూనే, "చెప్పేను బిందూ. మూడుసార్లు చెప్పేను. నువ్వు వింటల్లేదు, వాసన చూస్తున్నావు" అన్నారు.

 తిట్టినా బాగుండేది.

నిజమే వదినగారూ. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచి రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేను ఎదురెళ్తాను. సంచి అందుకుంటున్నట్టు దగ్గరికి వెళ్ళి ఊపిరి పీలుస్తాను. ఆయనకి తెలియదనుకున్నాను. మొదటిరోజు నుంచీ తెలుసట. అందుకే గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, నేను వచ్చి చూసేదాకా నిలబడి, అప్పుడు లోపలికి వస్తున్నారు. అది అలసట అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇక మీ సంగతి. కల్లు సీసా నా గడప తొక్కదు. అత్తయ్యగారి రొట్టె అత్తయ్యగారితోనే పోయింది, అందుకు మీరు ఏడ్చినా సరే. బజారులో ఈస్టు పొట్లాలు దొరుకుతున్నాయి. చిటికెడు పంచదార, గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే నురగ కడుతుంది, పిండి రెండింతలు లేస్తుంది. ఇంత సులువుదానికి నా పరువు ఎన్ని నెలలు తీశారండీ మీరు. మీ రొట్టెలో ఉండే ఆ కొంచెం పులుపు దీనికి రాదు. రానక్కర్లేదు. సమాజంలో ఏమని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. అడిగితే నిజమే చెబుతాను. కొబ్బరి నీళ్ళని మాత్రం నా నోట రాదు. ఆయన సంగతి ఆయనే చెప్పుకుంటానన్నారు, మన ఇద్దరికీ అందులో పని లేదు.

నవంబరు తొమ్మిది ఆదివారం పండగ. మోకాలు తగ్గినా తగ్గకపోయినా ఆటో మాట్లాడి పంపుతాను, మీరు శనివారమే రావాలి. అత్తయ్యగారి పెద్ద డేకిసా తీసుకురండి, మా ఇంట్లో అంతమందికి సరిపడేది లేదు. కోపం తగ్గాక వద్దామనుకుంటే పండగ అయిపోతుంది. నాకూ తగ్గలేదు. దాల్చినచెక్క వెయ్యను.

నిన్న ఇంట్లోనే ఒకసారి చేసి చూశాం. పొద్దున్న ఆయనే పిండి పిసికి, తడిగుడ్డ కప్పి, బొగ్గులు కొనుక్కొస్తానని వెళ్ళారు. బయట ముసురు, చలిగాలి. పిండి పొంగేకొద్దీ ఇల్లంతా వాసన పట్టింది. ఈస్టు పిండి కూడా పులిస్తే ఆ వాసనే వస్తుందని నాకు తెలియదు వదినగారూ. అచ్చం అదే. 

ఆయన తిరిగొచ్చి, బొగ్గుల సంచితో గుమ్మంలో ఆగారు. ఎప్పటిలాగే నిలబడ్డారు, నేను వెళ్ళి చూస్తానని. నేను పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. వెనక్కి తిరక్కుండానే, "చిల్లీ అడుగంటుతోందండీ, వచ్చి కాస్త తిప్పండి" అన్నాను.

బిందు